మా ఊళ్లో రేడియోవాళ్ల పాట

"తాతా, నువ్వు పేపర్లో రాసినావంట, రేడియోలో చదివినావంట, నాటకాలు ఆడిచ్చినావంట. మళ్లీ బళ్లో అయ్యోరువి గూడానంట. అన్నీ నువ్వొక్కడివేనా, లేకుంటే నీ పేరుతో నలుగురుండారా?"

నలుగురేంది పాపా, నలభై మంది అనుకో. సూళ్లూరుపేట నించి బోగోలు దాకా ఆ రోజుల్లో నా రాత చదవని కన్ను లేదు, నా గొంతు ఎరగని చెవి లేదు. ...అంటే, చదవడం వచ్చినోళ్లే తక్కువలే. మా ఊరికి పేపరు ఒకటే వచ్చేది, అది గూడా నేనే తెప్పిచ్చుకునేది. నా వార్త నేనే చదువుకొని, నేనే మెచ్చుకునేది. మా రత్నం బావ, అదే మీ పెద్దత్త... కాదు కాదు, మా అక్క మొగుడు, "రెండు పడవల్లో కాళ్లు పెట్టినోడే మునుగుతాడు, నువ్వు నాలుగింట్లో పెట్టినావేందిరా" అనేవాడు. ఇన్ని పనులు చేసినా ఇంట్లో పొయ్యి రాజింది మటుకు మీ అవ్వ కుట్టుమిషను వల్ల.

"సరే, రేడియోలోకి ఎట్ట పోయినావు?"

అదొక కథ. శ్రీహరికోటలో అప్పటికింకా రాకెట్ల మాటే లేదు. బోగోలు పక్కన సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల ఊళ్లో, పాదిరీల మిషను బడికి నేను అయ్యోర్ని. ఒకటే గది, ఒకటే అయ్యోరు. పొద్దున ఎక్కాలు, మాపటేళ నాటకం, మధ్యలో పత్రిక్కి వార్తలు. ఆశంతా రేడియో మీదే. నా గొంతు రేడియోలో రావాల, అంతే, ఇంకేం వద్దు. ఉత్తరాలు రాసి రాసి, పోస్టుమాను నన్ను చూస్తే సందు మారేవాడు.

ఒకనాటికి జవాబొచ్చింది. సముద్రం మీద పోయేవాళ్ల పాటలు రికార్డు చేసేదానికి వ్యాను వస్తాదంట, ఊరోళ్లని తయారుగా ఉంచమన్నారు. అది బాగా కుదిరితే ఆదివారం సాయంత్రాలు పల్లె విశేషాలు చదివే పని నాకిచ్చేది చూస్తారంట. ఇంక నేను నిలిచేదా? నేరుగా ఊరి పెద్ద పోలయ్య ఇంటికి పరిగెత్తినా.

"పోలయ్యన్నా, శనివారం రేడియోవాళ్లు పాటకి వస్తుండారు" అన్నా.

వల బాగుచేస్తా ఉన్నోడు చెయ్యి ఆపేసినాడు. "పాటకా? మన కాలవ కాడికా?"

"యాడైతే ఏందన్నా, ముందుండి పాడేది నువ్వే."

"పై ఊరోళ్లు గూడా వస్తారా?"

"రానీ. పోటీ ఉంటేనే గదా పాట రక్తి కట్టేది."

మనిషి మొహం మాడిపోయింది. "యాడిదాకా పాడమంటావు అయ్యోరా?"

"ఊపిరి ఉన్నంతదాకా పాడు. ఎనక్కి తగ్గబాక."

నీకింకా తెలియలా? మీరు టౌనోళ్లు గదా. ఊరి పక్కన ఉప్పుకాలవలో చేపలు పట్టుకునే హక్కుని ఏటేటా వేలం వేస్తారు. దాన్నీ పాటే అంటారు. ఎవుడు ఎక్కువ చెప్తే వాడు పాడుకున్నట్టు. నాకు తెలీని మాటా? 'కాలవ పాట వాయిదా' అని పేపర్లో రాసిందే నేను! కానీ ఆ పూట నా చెవుల్నిండా రేడియోనే. వాళ్లకేమో, రేడియో అనే పట్నం షావుకారు ఎవుడో వాళ్ల కాలవ ఎత్తుకపోయేదానికి వస్తుండాడు. కాలవ పోతే గాలివాన నెలల్లో వాళ్లు ఏం తినాల?

ఆ నాలుగు రోజులూ ఊరంతా గుసగుసలు. సాధన చేస్తుండారు గావాల అనుకున్నా. పోలయ్య పెండ్లాం మంగమ్మక్క, పాటకి డబ్బు చాలకుంటే కుదవపెట్టేదానికని, కమ్మలు తీసి కొంగున ముడేసుకుంది. చూసి ఊరుకోవచ్చు గదా నేను? "రేడియోలో మొహం కనపడదులే అక్కా, కమ్మలున్నా లేకున్నా ఒకటే" అన్నా. ఆమె చూసిన చూపుకి పచ్చిచేప ఎండుచేప అయిపోవాల.

శనివారం వ్యాను వచ్చింది. ఆఫీసరు కండ్లద్దాల మనిషి, సంగీతమంటే ప్రాణం. వలలు ఆరేసే కాడ మైకు పెట్టిచ్చి, కండ్లు మూసుకొని, "ఊఁ, పాడండి" అన్నాడు.

పోలయ్య గొంతు సవరించుకొని, "నూటపదార్లు!" అన్నాడు.

ఆఫీసరు తల ఊపినాడు. పల్లవి అనుకున్నాడు.

ఎనకనించి పై ఊరి సుబ్బరాయుడు, "నూటిరవై!"

"ఓహో, సవాలు జవాబు పద్ధతి!" అని ఆయన తొడ మీద తాళం మొదలుపెట్టినాడు. పోలయ్య "నూటాయాభై" అంటాడు, తాళం. సుబ్బరాయుడు ఇంకో పది ఎక్కిస్తాడు, తాళం.

"నువ్వేం చేస్తుండావు తాతా?"

నేనా? నేను గూడా తాళమే పాపా. ఇదేదో లెక్కల పాట, నేనెప్పుడూ ఇనలేదే అనుకుంటా ఉండా. మంగమ్మక్క లేచి మైకు మీదకి వంగి, "యోవ్ రేడియో! మీ పట్నంలో నీళ్లు లేవా? మా కాలవ మీద పడ్డావేంది!" అనిందే, అప్పుడు వెలిగింది నాకు.

విప్పి చెప్పేతలికి రెండూళ్లోళ్లూ ఇసకలో పొర్లి పొర్లి నవ్వినారు. ఆఫీసరు మటుకు నవ్వలా. "మాస్టారూ, సగం టేపు చేపల వేలానికే పోయింది" అన్నాడు. నా రేడియో, నా ఆదివారాలు, అన్నీ పాయె.

పోలయ్యే ఆదుకున్నాడు. "ఆ పాటా సారూ? అది ఒడ్డున కూచుంటే రాదు. తెడ్డు పట్టుకుంటేనే వస్తాది. పడవెక్కండి" అన్నాడు. టేపు పెట్టె భుజానేసుకొని మైకు పట్టుకొని పోయేదెవరు? ఆఫీసరు సముద్రం వంక చూసినాడు, నా వంక చూసినాడు. "ఇది కుదిరితేనే మాస్టారూ" అన్నాడు. ఎక్కినా.

అబ్బా, ఏం పాడినారనుకున్నావు! తెడ్డు పడినప్పుడల్లా 'హైలెస్సా' అని, పోలయ్య గొంతు అల మీదకి ఎక్కుతా, దిగుతా. నేను మైకు వదల్లా. అది మటుకు గర్వంగా చెప్తా.

తర్వాత నెలలో రేడియోలో వచ్చింది. పంచాయతీ రేడియో ముందర రెండూళ్లూ కూచున్నాయి. పాట అయిపోయినాక ఒకామె ఎంత తియ్యగా చెప్పిందో: "మధ్యమధ్య తెరలు తెరలుగా వినిపించిన గంభీరమైన కడలి ఘోష ఈ పాటకే అందం" అని. ఆఫీసరు ఉత్తరం రాసినాడు. సముద్రాన్ని అంత దగ్గిరగా పట్టినోళ్లు మా కాడ ఎవరూ లేరు, వచ్చే ఆదివారం నించి వచ్చి చదవండి అని. ఆ ఘోష వల్లే పాపా నాకా పని దొరికింది.

"అంత బాగా ఎట్ట పట్టినావు తాతా సముద్రాన్ని?"

పట్టేదేందిలే... మీ అవ్వతో అనబాక. సముద్రం ఒడ్డున బడి, దినామూ సముద్రం చేపలే కూర, పడవెక్కింది మటుకు నేను అదే మొదలు. మూడో అలకే కడుపులో తిప్పేసింది. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో పడవ అంచు. మైకు పక్కకి తిప్పుదామంటే పాట పోతాది, మొహం తిప్పుదామంటే పెట్టె తడుస్తాది. ఇంక యాడికని తిప్పేది? ఆ తెరలు తెరలుగా వచ్చిందే, 'ఓ...వ్' అని... అది కడలి కాదు పాపా. నేనే.