కొట్టం తలుపు

లుబ్లిన్ దగ్గరి పల్లెలో జెనోన్, స్తేఫా దంపతుల ఆవుల కొట్టం. ఊరి పక్కనున్న యుద్ధకాలపు నిర్బంధ శిబిరం ఇప్పుడు మ్యూజియం. అక్కణ్ణుంచి కింగా ఈ కొట్టం తలుపు కోసం వచ్చింది.

“ఇవ్వనని చెప్పాగా కింగా గారూ, మళ్ళీ ఎందుకొచ్చారు?”

“జెనోన్ గారూ, శిబిరంలో పిల్లల్నీ తల్లుల్నీ ఉంచిన షెడ్డు తలుపిది. ఆ షెడ్డుది ఇంకేం మిగల్లేదు.”

“మేమేం దొంగిలించలేదు. యుద్ధం అయ్యాక ఊరంతా అక్కడి కలపే తెచ్చుకుంది. మా ఇల్లు కాలిపోయింది. నాన్నా నేనూ దీన్ని బండి మీద వేసుకొచ్చాం.”

“దొంగతనమని ఎవరన్నారు? కొత్త తలుపు మేమే చేయించి బిగిస్తాం.”

“ఆవుకి ఇదే అలవాటు.”

“ఆవుని అడ్డం పెట్టుకోకు జెనోన్. అసలు సంగతి చెప్పు ఆమెకి.”

“నువ్వూరుకో స్తేఫా.”

“చెప్పవా? సరే, నేనే చెప్తా. మా పాప ఎత్తు కొలిచిన తలుపమ్మా ఇది. లోపలివైపు చూడండి.”

“ఈ గీతలా?”

“ఆఁ. ఇరెంకా. ఒక్కతే మాకు. ఆరో ఏట మెదడువాపు జ్వరమొచ్చి పోయింది. ఈయన పాలు పితకడానికొచ్చినప్పుడల్లా వీటిని తడుముతాడు. కింది నుంచి మొదలుపెట్టి పైదాకా.”

“స్తేఫా!”

“నేను చూడట్లేదనుకుంటాడు.”

“నాకు... నాకు తెలీదండీ.”

“మీకిస్తే ఈ గీతల్నేం చేస్తారు? నిజం చెప్పండి.”

“యుద్ధం తర్వాత పడ్డవి... పూడ్చేయమంటారు మా మ్యూజియం వాళ్ళు. శిబిరం రోజుల్లో ఎలా ఉందో అలాగే ఉండాలని.”

“విన్నావా స్తేఫా? పూడ్చేస్తారట. ఒకసారి పూడ్చాం. చాలు.”

“సరేనండీ. వెళ్తాను. ఇంక రాను.”

“ఆగండమ్మా. జెనోన్, ఇలా రా.”

“ఏంటి?”

“చెయ్యి ఇటివ్వు. ఇది పాపది. ఇది పాపదే. ఇదీ, ఇదీ.”

“తెలుసు.”

“ఈ కింది రెండూ కావు.”

“కావంటే?”

“నేను కాపురానికొచ్చేసరికే ఉన్నాయి.”

“అబద్ధం. ఇన్నేళ్ళూ చెప్పలేదే?”

“నువ్వు రోజూ తడుముతుంటే ఎలా చెప్పను?”

“మరి... మరి ఎవరివి?”

“శిబిరంలో ఉన్న ఏ తల్లో గీసుంటుంది. ఇద్దరు పిల్లలో, ఒక్కడే ఎదిగాడో. వాటిని చూసే, నేను పాపనిక్కడ నిలబెట్టాను.”