సామాన్ల గదికి కిటికీ

పాయకుంబు ఊళ్లో పాత ఇల్లు కూల్చిన చోటే, కొత్త ఇంటి ప్లాను ఒళ్లో పరుచుకుని కూర్చుంది అక్క. తమ్ముడు మళ్లీ పెన్సిలు అందుకున్నాడు. పొద్దుటి నుంచి ఆమె ఓపిక అరిగిపోతూనే ఉంది.

“అమ్మకొక గది, నాకొకటి, నా కూతుళ్లిద్దరికీ చెరొకటి. ఉన్న డబ్బు అక్కడికే సరి. ఇంకా ఏం గీస్తావురా?”

“సామాన్ల గదికి కిటికీ పెట్టాలక్కా.”

“బియ్యం బస్తాలు వీధి చూస్తాయా? ఆ డబ్బుతో వంటింట్లో గచ్చు చేయించొచ్చు.”

“గాలాడాలిగా.”

“సరే, పెట్టి ఏడు. ఇదేమిటి, తలుపుకి లోపలివైపు గడియ?”

“ఉండనీ.”

“లోపల్నుంచి ఎవరేసుకుంటారు, ఎలుకలా?”

అతను గడియ గీతనే మళ్లీ దిద్దాడు. ఆమెకు రాబోయిన నవ్వు ఆగిపోయింది.

“మీ ఆవిడ యుస్నిదార్ ఇంట్లోంచి ఎప్పుడొచ్చేశావు?”

“రంజాన్‌కి ముందే. విడాకులైపోయాయి.”

“మరి ఎక్కడ పడుకుంటున్నావు?”

“మసీదులో. పెళ్లికాని కుర్రాళ్ల పక్కన.”

“యాభై ఏళ్లొచ్చి! నాకూ ఒక గది కావాలని నోరు తెరిచి అడగొచ్చుగా, ఇలా నా ప్రాణం తీసే బదులు?”

“ఏమని అడగను? మనలో ఇల్లు ఆడపిల్లలది. మేనమామనయ్యుండి, మేనకోడళ్ల ఇంట్లో నాకో గది అంటే ఊరు నవ్వదూ? ప్లానులో సామాన్ల గదనే ఉండనీ. అమ్మకి మాత్రం చెప్పకు.”

“అమ్మకా? ఆ గదిలో మంచం పడుతుందా అని నిన్నటి నుంచి అడుగుతూనే ఉంది. మతి తప్పిందేమోనని నేనే కసురుకున్నాను.”