శనివారం నీసు వాసన

2012. శంషాబాద్ దగ్గర ఒక పరిశోధనశాల. శనివారం పొద్దున తొమ్మిది గంటలు. గదిలో ఇద్దరే: పరిశోధన చేసే ప్రియదర్శిని, ఊడ్చే భాగ్యమ్మ.

"భాగ్యమ్మా, ఈ సీసాలో పొడి ఏది?"

"ఏ పొడి మేడం?"

"తెల్లపొడి. ఖాళీ సీసా నీ ఎదురుగానే ఉంది."

"ఓ, గదా. యాడికి పోతది. ఫ్యాను కింద గుడ్డ మీద ఆరబోసిన."

"ఆరబోశావా? తడిసిందా?"

"తడువలే. జర ఆవిరి పట్టిన, అంతే."

"ఆవిరి?"

"క్యాంటీన్ల ఇడ్లీ గిన్నె ఉంటది గద. దాని మీద గుడ్డ కట్టి, కుడుములు పెట్టినట్టు..."

"కుడుములు. పది గంటలకు జయశీలన్ సారు తనిఖీకి వస్తున్నారు. ఈ పొడి పనిచేయకపోతే మా పరిశోధన ఇవాళ్టితో మూసేస్తారు. నువ్వేమో కుడుములు పెట్టావు."

"సారు వస్తున్నరు, గది ఊడువుమని మీరే ఇయ్యాల రమ్మన్నరు. అసలు గిదేం పని జేస్తది?"

"పొగలో ఉండే బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. కడుపు నిండాక వేడిచేస్తే వదిలేస్తుంది. మళ్ళీ పీలుస్తుంది. దీని నిండా కంటికి కనపడని చిల్లులు. వాటిలో అమీన్ అని ఒక మందు పట్టించాం."

"గా మందుదేనా ఈ నీసు వాసన?"

"అవును."

"నేను చేపల పొడి అనుకున్న. శనివారం మేడం, వెంకన్నసామికి ఒక్కపొద్దు ఉంటున్న. నీసు వాసనల ఊడ్సుమంటే ఎట్ల? ఆవిరి పడితే వాసన పోతదని..."

"పోనీలే. ఆరు నెలలు బ్రహ్మాండంగా పీల్చింది. మూడు వారాల నుంచే చచ్చిపోయింది. ఓవెన్లో ఎంత వేడిచేసినా రెండు నిమిషాలకే చేతులెత్తేస్తోంది. తెచ్చి ఈ గొట్టంలో పొయ్యి."

"నేనా?"

"నీ కుడుములే కదా."

"పోసిన. ఇగ?"

"గ్యాసు వదులుతున్నా. పొడి దాటి బయటికొచ్చే వాయువును ఈ మీటరు చూపిస్తుంది. ఇది సున్నా దాటిందంటే పొడి పీల్చడం మానేసినట్టు."

"ఐదు నిమిషాలాయె. సున్ననే ఉంది."

"మీటరు చెడిపోయినట్టుంది."

"మీటరును నేను ముట్టలే."

"పదిహేను నిమిషాలు. భాగ్యమ్మా, ఇంకా కదల్లేదు."

"మంచిదా, చెడ్డదా? గది జెప్పుండ్రి ముందు."

"మంచిదే. పొడి వేడికి పాడైంది, ఆవిరికి తేరుకుంది. సారుకు ఏం చెప్పను? ఎవరు కనిపెట్టారని రాయను?"

"నా పేరు రాయకుండ్రి. క్యాంటీనోళ్ళు గిన్నె కోసం ఎతుకుతున్నరు."

"ఒక్కమాట. ఇంతకుముందు ఎప్పుడైనా దీనికి ఆవిరి పట్టావా?"

"దేనికి?"

"భాగ్యమ్మా."

"ఆరు నెలలు ప్రతి శనివారం పట్టిన మేడం. ఈ మూడు వారాలే పట్టలే. శనివారం ఊడ్సుడు అక్కర్లేదు, రావద్దని మీరే గద కాయితం రాసిచ్చిన్రు."