వెనక సీటు కొలత

విజయవాడ వన్ టౌన్. గోడౌన్ల సందులో మోటార్ సైకిల్ సీట్లు కుట్టే దుకాణం. గుమ్మం ముందు వానకి తడిసిన బండి.

"ఆకాశం అలా పెట్టుకుని పెడన నుంచి బండి మీద ఎవరన్నా బయల్దేరతారా బాబాయ్?"

"తెల్లారి చూశానండి. తూర్పున కాస్త వెలుగుంది. పడమరంతా చిక్కటి గంజిలా మబ్బు. గంజి ఆరదని మా వీధిలో ఎవరూ మగ్గాలకి పడుగు నూలు సాగదీయలేదు ఇవాళ. నేను బండి తీశాను."

"ముద్దయిపోయారు. టీ చెప్పనా?"

"వద్దండి. మీరు పని మొదలెడితే చాలు."

"ఏం మొదలెట్టేది? వారం దాకా కుదరదని ఇందాకే చెప్పాను కదా. అదుగో, ఆ వరసంతా ఒప్పుకున్న పనే."

"నాకు సాయంత్రానికి కావాలండి ఫిలిప్ గారూ."

"సాయంత్రానికా! లడక్ వెళ్ళే కుర్రాళ్ళే నెల ముందు చెప్పిపోతారు నాకు."

"ఆ కుర్రాళ్ళే చెప్పారండి మీ పేరు. బెంజ్ సర్కిల్ దగ్గర పెట్రోలు కొట్టించుకుంటుంటే కనపడ్డారు. మీరు చేసిన సీటు మీద దూరం తెలీదన్నారు."

"వాళ్ళ బళ్ళు వేరు, వాళ్ళ నడుములు వేరు. ఇది చీరల మూటలు తిప్పే బండి కదా? వెనక క్యారియర్ చూస్తే తెలుస్తానే ఉంది."

"అవునండి. నేసినవి నేనే తిప్పుకుంటా. బందరు, గుడివాడ, ఏలూరు."

"మరింకేం. ఆ మాత్రానికి ఈ సీటు చాలు. మొన్న ఒకాయన ఇలాగే వచ్చాడు, నడుం నొప్పి, సీటు మార్చమని. తీరా చూస్తే ఆయన తిరిగేది ఇంటి నుంచి మార్కెట్ దాకా!"

"రాజస్థాన్ వెళ్ళాలండి. కోటా అని ఊరు."

"ఈ బండి మీదా?"

"ఆఁ."

"బాబాయ్, వెయ్యిన్నర కిలోమీటర్లు ఉంటది."

"వెళ్ళేప్పుడు నేనొక్కణ్ణేనండి, నాకేం అక్కర్లేదు. వచ్చేప్పుడు వెనక మనిషుంటుంది. ఆ వెనక సీటే చెయ్యాలి మీరు."

"ఎవరా మనిషి?"

"ఆడమనిషండి."

"అది కాదు, మీకేమవుతారు?"

"యాభై దాటి ఉంటుందండి వయసు."

"నేనడిగేది..."

"నడుం బానే ఉందంట. మోకాళ్ళు కాస్త వాచాయంట."

"అంట, అంట అంటారేంటి? మీరు చూళ్ళేదా?"

"ఫోన్లో చూశానండి."

"ఉండండి, ఒక్క నిమిషం. ఏయ్! ఆ తోపుడుబండి కాస్త ముందుకి లాగవయ్యా, పెద్దాయన బండికి తగులుద్ది! ... ఆఁ, చెప్పండి. వాచిన మోకాళ్ళతో ఆడమనిషిని అంత దూరం బండి మీద కూర్చోబెడతారా? రైళ్ళు లేవా దేశంలో?"

"ఎక్కదండి."

"బస్సు?"

"తలుపున్నదేదీ ఎక్కదండి. తలుపు పడితే అరుస్తుంది. తల కొట్టుకుంటుంది. మొన్న వ్యాను ఎక్కించబోతే నుదురు చిట్లిందంట."

"ఎవరు ఎక్కించబోయారు?"

"ఆశ్రమం వాళ్ళు. దిక్కులేని వాళ్ళని పెట్టుకునే ఇల్లండి అది. ఇప్పుడు మూసేస్తున్నారు. ఉన్నవాళ్ళందర్నీ ఆదివారం వ్యానుల్లో ఎక్కించి ఎక్కడెక్కడికో పంపేస్తారంట. వాళ్ళ తాలూకు వాళ్ళెవరన్నా ఈలోపు వచ్చి తీసుకెళ్తే సరే, లేకపోతే మత్తు సూది వేసి ఎక్కిస్తామన్నారు. ఒకసారి వేశారంట ఆ సూది. లేచాక అన్నం ముట్టలేదంట, మూత్రం కూడా తెలీలేదంట. ఇంకోసారి వేస్తే మనిషి మిగలదండి."

"అక్కడికి ఎలా చేరింది బాబాయ్?"

"వాన మళ్ళీ పెరిగేట్టుందండి."

"చెప్పకపోతే పోనీలెండి."

"మా చౌడేశ్వరి కాశీ యాత్రకెళ్ళిందండి, మా వీధి ఆడాళ్ళతో. మధ్యలో ఏదో స్టేషన్లో నీళ్ళ సీసా పట్టుకుని దిగింది. బండి కదిలింది. హిందీ రాదు. ఫోను చేతిలో లేదు. ఊరి పేరు చెప్పినా అక్కడ ఎవడికి తెలుసు పెడన?"

"అయ్యయ్యో. ఎప్పుడు?"

"మా అమ్మాయి పెళ్ళికి ముందండి. ఇప్పుడు దాని కూతురు బడికెళ్తోంది."

"ఇన్నేళ్ళా!"

"తిరిగానండి. స్టేషన్లు, పోలీసులు, సత్రాలు. అటు పక్క ఆశ్రమాలన్నిటికీ ఫొటో ఇచ్చాను, నా నంబరు ఇచ్చాను. తెలుగు మాట్లాడే ఆడమనిషి ఎవరు దొరికినా నాకు ఫోన్ చేస్తారు. వీడియోలో చూపిస్తారు. ఈవిడేనా అంటారు. చూసి, కాదంటాను. పెట్టేస్తారు."

"అలా ఎంతమందిని చూశారు?"

"లెక్కపెట్టుకోలేదండి. ఫోన్ మోగితే నేత ఆగిపోద్ది. కాదని చెప్పాక ఆ రోజింక మగ్గం మీదకి ఎక్కలేను."

"మరి ఈసారి?"

"ఈసారి అవునన్నానండి."

"దేవా, నీకు స్తోత్రం! ఆ మాట ముందు చెప్పరేం బాబాయ్! లోపలికి రండి. ముందు ఆ తల తుడుచుకోండి. ఇంతసేపూ గుమ్మంలో నిలబెట్టాను మిమ్మల్ని. సీటు విప్పుతా, ఆ స్పానర్ ఇలా ఇవ్వండి."

"చేస్తారా అయితే?"

"చెయ్యక? లడక్ వాళ్ళు ఆగుతారు. అయినా ఒక్క మాట. ఆవిడ బండి మాత్రం ఎక్కుతుందని ఏంటి నమ్మకం?"

"ఆశ్రమం వంటాయన బండి ఒకటుందంట. రోజూ దాని మీదెక్కి కూర్చుంటుందంట, స్టాండు వేసున్నా సరే. పోనియ్, ఇంటికి పోనియ్ అంటుందంట. దిగమంటే ఏడుస్తుందంట."

"సరే. ఒకవైపు కూర్చుంటుందా, రెండు వైపులా కాళ్ళేసా?"

"ఒకవైపేనండి. చీర కదా."

"అలా కుదరదు. ఒకవైపు కూర్చుని వెయ్యిన్నర కిలోమీటర్లంటే తుంటి పట్టేస్తుంది. రెండో రోజుకి దిగలేదు. రెండు వైపులా వెయ్యాలి కాళ్ళు. పంజాబీ డ్రెస్సు వేయించండి."

"వేసుకోదేమోనండి."

"అయితే చీర కిందే లాగు వేయించండి. నేను సీటు ముందు భాగం సన్నంగా కోస్తా, తొడలు ఒరుసుకోకుండా. వెనక వెడల్పు. ఇదుగో, ఇలా. కొలత కావాలి నాకు. మనిషి లేకుండా ఎలా?"

"తెచ్చానండి. ఈ సంచిలో."

"ఏంటిది? పాత బొంత?"

"మా చౌడేశ్వరి మగ్గం గుంట అంచున వేసుకుని కూర్చునేదండి. పొద్దస్తమానం దీని మీదే. ఎలా కూర్చునేదో అలాగే అణిగిపోయింది."

"అబ్బ. అచ్చు దిగింది కదా దీని మీద. ఇంతకాలం దులపలేదా?"

"లేదండి."

"చిన్న ఒళ్ళే. ఇది చాలు నాకు, దీన్నే గీసుకుంటా."

"దానికన్నా నాలుగు వేళ్ళు వెడల్పు పెట్టండి."

"ఎందుకు? వెడల్పెక్కువైతే కాళ్ళు ఎడమై నొప్పెడతాయి."

"పెట్టండి ఫిలిప్ గారూ. భారీగా ఉందండి ఇప్పుడు మనిషి."

"ఆశ్రమం తిండికి ఒళ్ళొచ్చిందా! పోనీలెండి, తిండన్నా పెట్టారు. ఈ ఫోమ్ చూడండి. నొక్కండి."

"గట్టిగా ఉందే. మెత్తగా వద్దా?"

"మెత్తటి దాని మీద గంట సుఖం, తర్వాత రేకు తగులుద్ది. అందరూ చేసే పొరపాటే అది. పరుపులా చెయ్యమంటారు, గుంటూరు దాటగానే నన్ను తిడతారు. కింద గట్టిది వేసి, పైన వేలెడు మందాన మెత్తటిది వేస్తా. వెనక ఆనుకోడానికి చెక్క పెడతా. పైన రెక్సిన్ వెయ్యనా?"

"రెక్సిన్ చెమట పీల్చదండి. ఈ దుప్పటి తెచ్చాను, నేనే నేశాను. ఇది వెయ్యండి."

"వానొస్తే తడుస్తుంది."

"ఆరబెడతానండి. ఒరిసి పుండు పడితే ఆరదు."

"అదీ నిజమే. కాళ్ళ సంగతి? ఈ బండికి వెనక ఫుట్‌రెస్టులు పొట్టివి. మోకాళ్ళు మడుచుకుని ఉండాలి. వాపన్నారు."

"దాని గురించే ఆలోచిస్తున్నానండి. మగ్గం కింద తొక్కుడుచెక్కలు ఉంటాయి కదా, కాళ్ళు కిందకి వేలాడకుండా వాటి మీద ఆనుకుని ఉంటాయి. ఆవిడ కూడా నేతమనిషేనండి. చీర అంచులోంచి పోగులు లాగి అతుకుతుంటే చూశాను ఫోన్లో. అలాంటి చెక్క రెండు వైపులా, కాస్త కిందకి..."

"వెల్డింగాయన్ని పిలవాలి. పిలుస్తాలెండి. మరి బెల్టు? కునుకు తీస్తే పడిపోద్ది."

"కట్టొద్దండి. కడితే తలుపేసినట్టే ఆవిడకి."

"మరెలా?"

"నా నడుముకి తువ్వాలు చుట్టుకుంటా. కొసలు పట్టుకుంటుంది."

"వదిలేస్తే?"

"లాగుడు తెలుస్తా ఉంటది కదండీ. తెలవకపోతే ఆపేస్తాను."

"గంటకోసారి దింపండి, నడిపించండి. మెడ మీద తడిగుడ్డ వెయ్యండి. మజ్జిగ పోయించండి. పొద్దుగూకాక నడపొద్దు, వయసులో కుర్రాళ్ళే నడపరు. ... మీ ఫోన్ మోగుతోంది బాబాయ్."

"మోగనివ్వండి."

"ఆశ్రమం వాళ్ళేమో?"

"మా అమ్మాయండి. ధనశ్రీ."

"ఎత్తండి మరి. నేనీ దుప్పటి అంచు కుడుతుంటా."

"ఈ ఫోను చెవి దగ్గర పెడితే వినపడదండి, స్పీకరు పెట్టాలి. ... ఆఁ, చెప్పమ్మా."

"నాన్నా, ఎక్కడున్నావ్?"

"సొసైటీకొచ్చానమ్మా. నూలు కోసం."

"సొసైటీలో కుట్టుమిషనేంటి? నాన్నా, వెళ్ళట్లేదు కదా నువ్వు? మనం అనుకున్నాం కదా, వద్దని. అందరం కూర్చుని అనుకున్నాం కదా!"

"అనుకున్నామమ్మా."

"బీపీ మాత్రలు వేసుకుని అంత దూరం బండేంటి? నీకేమన్నా అయితే మేం ఎక్కడ వెతకాలి నాన్నా? అమ్మని వెతికినట్టు మళ్ళీ నిన్నా? నా వల్ల కాదు నాన్నా. నిజంగా కాదు."

"ఏడవకమ్మా. పాపకి అన్నం పెట్టావా?"

"మాట మార్చకు! వెళ్ళనని చెప్పు."

"ఫోన్ పెట్టేస్తానమ్మా. ఇక్కడ పిలుస్తున్నారు."

"నాన్నా! నాన్నా..."

"అమ్మాయి అలా అంటోందేంటి బాబాయ్? తల్లి దొరికితే రెక్కలు కట్టుకుని రావాలి కదా?"

"భయమండి దానికి."

"అల్లుడు రాడా తోడు?"

"రాడండి."

"ఏం మనుషులండీ! ఉండండి, నేను మాట్లాడతా అమ్మాయితో."

"వద్దండి ఫిలిప్ గారూ. మీకు దణ్ణం పెడతాను. ఆ సీటు కుట్టండి, చాలు. ఇంకేం అడక్కండి నన్ను."

"అయ్యో, దణ్ణాలెందుకు? పొద్దున్నుంచి ఏమన్నా తిన్నారా?"

"తర్వాత తింటానండి."

"తర్వాతేంటి? జిగురు ఆరడానికి ఎలాగూ టైము పడుద్ది. క్యారేజీ వచ్చింది, ఇద్దరికీ సరిపోతుంది. నీచు లేదులెండి ఇవాళ. పప్పుచారు, దొండకాయ వేపుడు. మా ఆవిడ క్రిస్టినా కూలీలకి కూడా కలిపి వండినట్టు పంపుద్ది. మీరు కూర్చుంటేగానీ మిషను తొక్కను నేను."

"సరేనండి."

"ఆ పేపరు పరుచుకోండి. మేం తినేముందు ప్రార్థన చేసుకుంటాం. ఇబ్బందేం లేదు కదా? మీ ప్రయాణం గురించి కూడా చేస్తా. చౌడేశ్వరమ్మ గారని చెప్తే సరిపోతుందా?"

"ఆ పేరు చెప్పకండి."

"ఏం?"

"అక్కడున్నావిడ పేరు నాకు తెలీదండి."

"తెలీకపోవడమేంటి? మీ భార్య..."

"చౌడేశ్వరి నా భార్యండి. అక్కడున్నది ఆవిడ కాదు."

"బాబాయ్!"

"చూడగానే తెలిసిందండి, కాదని. మా అమ్మాయికీ తెలుసు. ఎప్పట్లాగే కాదని చెప్పబోయాను. ఈలోగా ఆవిడ ఫోన్లోకి వంగి నా మొహం చూసి, అన్నం తిన్నారా అని అడిగిందండి."

"అంతమాత్రానికి... ఎవరి మనిషో ఏంటో. తీసుకొచ్చి ఏం చేస్తారు?"

"తెలుగు మాటల మధ్యన పడితే ఊరి పేరు నోటికొస్తుందేమోనండి. వస్తే అక్కడ దింపుతాను. రాకపోతే మా ఇంట్లో ఉంటుంది."

"మీ వాళ్ళేమంటారు? ఊళ్ళో ఏమంటారు? అబద్ధం చెప్పి తీసుకొస్తున్నారు బాబాయ్, రేపేదన్నా అయితే పోలీసులు..."

"తెలుసండి."

"తెలిసీ ఎందుకండీ?"

"మా చౌడేశ్వరిని కూడా ఎవరో ఒకరికి ఇలాగే ఫోన్లో చూపించే ఉంటారు కదండీ. వాళ్ళు కూడా మా మనిషి కాదని నిజమే చెప్పుంటారు."

ఫిలిప్ అన్నం రెండు పళ్ళేల్లో సగం సగం పెట్టాడు. తిన్నాక మళ్ళీ మిషను ముందు కూర్చున్నాడు.