బురద ఆరేదాకా

నాలుగో అంతస్తు. తెరిచిన తలుపుకి ఇవతల, నేల మీద పరిచిన పాత పేపరు మీద ఆయన, భుజాన సైకిలు. గడపకి అవతల, నడుమున చెయ్యి పెట్టుకుని ఆవిడ.

"అక్కడే. ఆ పేపరు దాటారంటే మర్యాదగా ఉండదు."

"దాటలేదు కదే. బుద్ధిగా నిలబడ్డాను కదా."

"ఎడమ కాలు దాటింది."

"అది బొటనవేలు."

"బొటనవేలికి బురద లేదా? వెనక్కి తీయండి."

"తీశాను. సంతోషమా? కోపం పక్కనపెట్టి సైకిలు చూడు, ఎలా మెరిసిపోతోందో. మేడ మీద గంటసేపు కడిగా. చైను సందుల్లో పాత టూత్‌బ్రష్షుతో తోమా."

"చూస్తున్నా. సైకిలు పెళ్లికొడుకులా ఉంది. మీరు దాన్ని గుంటలోంచి తవ్వి తీసినవాడిలా ఉన్నారు."

"నువ్వే కదా రూలు పెట్టావు, సైకిలు కడక్కుండా గుమ్మం దగ్గరికి రాకూడదని. మనిషిని కడగమని రూల్లో లేదు."

"నిజమే. మనిషికి ఆ మాత్రం తెలుస్తుందిలే అనుకున్నా. నాదే పొరపాటు."

"సర్లే, పక్కకి జరుగు. స్నానం చేసి మంచి చొక్కా వేసుకోవాలి. ఆరింటికి దత్తత ఆఫీసరమ్మ వస్తోంది కదా. చూశావా, గుర్తుంది నాకు. ఇంకా టైముండగానే వచ్చేశా. నాకేం పట్టదని అంటావు గానీ..."

"అబ్బో. గుర్తుందే."

"ఉండదా మరి? ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నాం ఈ రోజు కోసం. ఇల్లు చూస్తుంది, మనిద్దర్నీ చూస్తుంది. సరేనంటే పాప మనింటికొస్తుంది. కాదంటే..."

"ఆఁ, కాదంటే?"

"కాదనదులే. ఎందుకంటుంది?"

"ఏమో. ఇంటాయన ఇంట్లో లేకపోతే అనొచ్చు."

"ఉన్నాగా."

"నాలుగింటికి లేరుగా."

"నాలుగింటికి నేనెందుకుండాలి?"

"ఆవిడ నాలుగింటికి వచ్చింది కనక."

"వచ్చిందా?"

"వచ్చింది, కూర్చుంది, చూసింది, వెళ్లింది."

"ఆరింటికన్నావు నువ్వు."

"మొదట ఆరే అన్నా. నిన్న పొద్దున, నాలుగింటికి మార్చారని మళ్లీ చెప్పా. మీరు బాల్కనీలో సైకిల్ని తలకిందులుగా నిలబెట్టి బ్రేకు బిగిస్తున్నారు. ఎదురుగా వచ్చి నిలబడి మరీ చెప్పా. మీరు ఊఁ అన్నారు."

"ఆ ఊఁ బ్రేకుకి."

"నాకూ బ్రేకుకీ ఒకటే ఊఁ అని పెళ్లిలోనే చెప్పుండాల్సింది. రెండు రకాలు పెట్టుకునేవాళ్లం."

"ఫోన్ చెయ్యొచ్చు కదా."

"చేశా. చేసి చేసి వేలు నొప్పెట్టింది. ఎక్కడుంది మీ ఫోను?"

"సంచీలో. బురద అంటకుండా కవర్లో చుట్టి, ఆ కవరు డబ్బాలో పెట్టి..."

"పాతిపెట్టలేదు కదా. అదృష్టం."

"అయ్యో, ఎంత పనైంది. ఆదివారం రేసుందని, ఒక్క రౌండు... ఒకే ఒక్క రౌండు వేసొద్దామని..."

"మీ ఒక్క రౌండుల సంగతి నాకు తెలియదా? మొన్న కూడా ఒక్క రౌండే. షాపు తెరిచేసరికి పదకొండు. కళ్లజోడు విరగ్గొట్టుకున్న పెద్దాయన పాపం మెట్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. ఎదురుగా వచ్చింది ఎవరో కనపడక, కళ్లజోళ్లాయన ఎంత బాధ్యతలేనివాడో మీకే చెప్పుకుని ఏడ్చాడట."

"ఆయనకి ఆ పూటే జోడు చేసిచ్చా."

"ఇచ్చారు. చూపొచ్చాక మళ్లీ తిట్టాడని కూడా మీరే చెప్పారు. ఆ ముందు వారం కారిడార్లో బీరువా పలక అడ్డం పెట్టి, సైకిలెత్తుకుని దాని మీంచి దూకారు. కింద ఇంటివాళ్ల అన్నంలో సున్నం రాలింది. కింద పడ్డారేంటంటే, రేసులో అడ్డం వచ్చినప్పుడు పడకూడదు కాబట్టి ఇక్కడే పడి చూసుకుంటున్నా అన్నారు. పని ఉంది, ఇల్లుంది, రేపోమాపో పిల్ల వస్తుంది. వీటన్నిటి మధ్యా సైకిలుందా, సైకిలు మధ్యలో ఇవన్నీ ఉన్నాయా?"

"ఒక్కమాట చెప్పనా?"

"వద్దు."

"నాలుగింటికల్లా వచ్చేశానే నేను. మేడ మీదే ఉన్నా. ఒక్క కేక వేసుంటే దిగొచ్చేవాణ్ణి."

"తెలుసు."

"తెలిసీ పిలవలేదా?"

"పిలవొద్దంది ఆవిడ."

"నేను మేడ మీదున్నానని ఆవిడకెలా తెలుసు?"

"మెట్ల మీద మీకెవరైనా కనబడ్డారా?"

"మెట్ల మీదా? ఎవరూ లేరే. ఆఁ, ఒకావిడ. పాపం రెండో అంతస్తు దగ్గర ఆయాసపడుతూ నిలబడింది. లిఫ్టుంది కదండీ అంటే, మోకాళ్లకి మంచిదని డాక్టరు ఎక్కమన్నాడంది."

"ఎలా ఉంది మనిషి?"

"ఎడమ కంటికి పవరు మారింది. తల వంచి చూస్తోంది. తీరిక చేసుకుని షాపుకి రండి, చూస్తానని చెప్పా."

"రమ్మన్నారా."

"కళ్లజోళ్లవాణ్ణి, ఇంకేం చూస్తా?"

"అదేలెండి. ఊరందరి కళ్లూ చూస్తారు. ఎదురుగా ఉన్న మనిషెవరో మాత్రం తెలీదు."

"అంటే, ఆవిడేనా?"

"పోయిన నెల నాతోపాటు పాప దగ్గరికి వచ్చుంటే తెలిసేది, ఆవిడెవరో. మీకు ఆ రోజు కొండ ఎక్కే ప్రాక్టీసు."

"ఓరి నాయనో."

"ఏం మాట్లాడారు?"

"ఏం మాట్లాడలేదు."

"రెండో అంతస్తు నుంచి నాలుగో అంతస్తు దాకా, ఆయాసపడే మనిషితో, అరగంట ఏం మాట్లాడలేదా?"

"చక్రాలున్నదాన్ని ఎందుకు మోస్తున్నారని అడిగింది. ఇది సైక్లోక్రాసండీ, బురదలో, గడ్డిలో, ఇసకలో తొక్కినంత తొక్కడం, తొక్కలేని చోట భుజానేసుకుని పరిగెత్తడం అన్నా. ఆదివారం రేసులో మెట్లున్నాయి, అందుకే లిఫ్టు ఎక్కకుండా మోస్తున్నానన్నా."

"గెలుస్తారా అని అడగలేదా?"

"అడిగింది. ఎప్పుడూ చివర్నుంచి రెండోవాణ్ణి అన్నా."

"చివరివాడెవరట?"

"పోయినసారైతే చెయ్యి విరిగినాయన."

"గొప్పే. నా గురించేం చెప్పారు?"

"నీ గురించి నేనేం చెప్తా?"

"ఏవండీ."

"సరదాకేలే."

"ఏం చెప్పారు సరదాకి?"

"మా ఆవిడ ఆపరేషన్ థియేటర్లో హెడ్ నర్సండీ, ఇల్లు కూడా థియేటర్లాగే ఉంచుతుంది, నన్ను కూడా మరిగించి గానీ లోపలికి రానివ్వదు అన్నా. అంతే."

"నవ్విందా?"

"గోడ పట్టుకుని నవ్వింది."

"నా దగ్గర నవ్వలేదు."

"ఏమ్మా, మా ఇంట్లోకి వినబడుతోంది, మీ ఆయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడా?"

"ఆరుతున్నారు పిన్నిగారూ. మీరు తలుపేసుకోండి, బురద వాసన ఎదురింట్లోకి కూడా వస్తుంది."

"ఫర్వాలేదులే. నాలుగింటికి మీ ఇంటికి వచ్చినావిడ వెళ్తూ వెళ్తూ నన్నూ అడిగిందమ్మా, వీళ్లెలాంటివాళ్లని. నీ గురించి గొప్పగా చెప్పా."

"ఏం చెప్పారు పిన్నిగారూ?"

"ఉన్నదే చెప్పా. ఇల్లు అద్దంలా ఉంచుతుంది, ఈగ వాలాలన్నా భయపడుతుంది అని చెప్పా. మా మనవరాలు బంతి కోసం మీ బాల్కనీలోకి వస్తే, కాళ్లూ చేతులూ సబ్బుతో కడిగించి, బంతిని కూడా కడిగి గానీ ఇవ్వలేదని చెప్పా. ఈ రోజుల్లో అంత శుభ్రత ఎవరికుంటుందమ్మా?"

"చెప్పారా."

"చెప్పకుండా ఎలా ఉంటా? నీకు మంచి జరగాలని కదా. స్టవ్ మీద పాలున్నాయి, వస్తా."

"చూశావా. పిన్నిగారు కూడా ఎంత బాగా చెప్పిందో."

"ఆఁ. చాలా బాగా చెప్పింది. ఇంక ఎవరూ చెప్పాల్సిన పనిలేదు."

"ఏంటలా అయిపోయావు? సరే, తప్పంతా నాదే, ఒప్పుకుంటున్నా. తిట్టు. ఈ ఆదివారం అయ్యాక నేను ఇంక..."

"మానేస్తారు. తెలుసు."

"నీకెలా తెలుసు?"

"పాప వచ్చాక ఆదివారాలు రేసులకి వెళ్లనని ఆవిడతో అన్నారటగా. ఇన్నాళ్లూ నేనడిగితే చూద్దాం అన్నారు. దారినపోయే మనిషికి ఒక్క అంతస్తు ఎక్కేలోపు చెప్పేశారు."

"నీకు చెప్తే నమ్మవని."

"నమ్మనుగా."

"అదే అంటున్నా."

"ఇంకోటి కూడా చెప్పింది. పాపని మొదటిసారి చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆ పిల్ల మీ భుజం ఎక్కి దిగనంది కదా. అప్పట్నుంచి సైకిలు భుజానికెత్తినప్పుడల్లా ఆ బరువే గుర్తొస్తోందన్నారట."

"అది... ఆయాసంలో ఏదో వాగుంటా."

"నాతో ఎప్పుడూ ఆయాసంలో కూడా అనలేదు."

"నువ్వు నవ్వుతావని."

"ఆవిడ నవ్విందా?"

"లేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది. పవరు వల్లేమో అనుకున్నా."

"అనుకుంటారు మీరు."

"ఇంతకీ ఏమందావిడ? నేను లేనందుకు ఏమైనా..."

"ఏమీ అనలేదు. మానొద్దనమంది. పాపని కూడా రేసుకి తీసుకెళ్లమంది. బురద కనబడితే ఆ పిల్లని పట్టుకోవడం శిశుగృహంలో ఆయమ్మల వల్ల కూడా కాదట."

"అలా అందా? మరి ముందే చెప్పొద్దూ? నన్నిక్కడ దొంగలా నిలబెట్టి, ప్రాణం తోడేశావు కదే. సరేనందన్నమాట."

"మీకు సరేనంది."

"నాకు సరేనంటే ఏంటి? సరే అంటే ఇద్దరికీ సరేనే కదా."

"కాదు."

"ఏమైందో సరిగ్గా చెప్పు."

"పోయిన నెల నేనొక్కదాన్నే వెళ్లా కదా. పాప పరిగెత్తుకుంటూ వచ్చింది. చేతుల నిండా మట్టి. ఆ చేత్తోనే నా చెయ్యి పట్టుకోబోయింది."

"అయితే?"

"నేను బ్యాగులోంచి తడి కాగితం తీసి తుడిచా. ముందు ఆ చెయ్యి, తర్వాత ఈ చెయ్యి, గోళ్ల సందుల్లో కూడా. థియేటర్లో తుడిచినట్టు. శుభ్రంగా అయ్యాక పట్టుకుందామనుకున్నా. ఈలోపే చెయ్యి వెనక్కి లాగేసుకుంది."

"చిన్నపిల్ల. ఆ సాయంత్రానికే మర్చిపోయుంటుంది."

"పాప మర్చిపోయుండొచ్చు. ఆవిడ మర్చిపోలేదు. ఇవాళ సోఫా మీద వేలు పెట్టి రాసి చూసుకుంది. దుమ్ము లేదు. నేను మురిసిపోయా, పిచ్చిదాన్ని. నిన్న రాత్రంతా తుడిచా ఈ ఇల్లు. ఇంత తెల్లటి ఇంట్లో పిల్ల ఎక్కడ కూర్చుంటుందమ్మా అంది."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? సోఫా మీద అన్నా. కవరు వేస్తానని కూడా అన్నా."

"అయ్యో."

"మీరు ఇంట్లో లేరనీ, ఆ వంకతోనే కాదంటుందనీ భయపడుతూ కూర్చున్నా. మీ పేరెత్తితే నవ్వుతోంది. నా వంక చూస్తే నవ్వు ఆపేస్తోంది. భయంగా ఉందండీ నాకు. మీరొచ్చాక నాలుగు తిడితే కాస్త తగ్గుతుందనుకున్నా. తగ్గట్లేదు."

"ఇదిగో, ఇటు చూడు. మళ్లీ రమ్మందాం ఆవిడని. నేను మాట్లాడతా."

"వస్తానంది, మంగళవారం. పాపని కూడా తీసుకొస్తుందట. సాయంత్రం దాకా ఉంచుతుందట."

"ఇంకేం మరి? మంచిదేగా. ఆ రోజు షాపు తెరవను, ప్రాక్టీసుకి పోను. పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నువ్వెక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంటా. సరేనా?"

"వద్దు. మీరు సైకిలు తొక్కుకోడానికి వెళ్లండి. ఆ పూట మీరు ఇంట్లో ఉండకూడదట. పాప దగ్గర నేనొక్కదాన్నే ఉండాలట."