నవ్వుతూ చెప్పిన హెచ్చరిక

సభాధ్యక్షులు క్లైవ్ పెండ్రీ గారికి, హీటర్ల కంపెనీ తరఫున నన్ను సన్మానించడానికి వచ్చిన టెస్సా గారికి, లాన్సెస్టన్ బధిరుల క్లబ్బు పెద్దలకు, పిలుపుగా దీపాలు ఎన్నిసార్లు ఆర్పి వెలిగించినా కబుర్లు ఆపని వెనక వరస మిత్రులకు నమస్కారం. (నవ్వులు) నా సైగలకు గొంతు ఇస్తున్న లోర్నా, నేను కోప్పడిన చోట నువ్వు మెత్తబరచకు తల్లీ, ఉన్నదున్నట్టు చెప్పెయ్.

ఇందాక నా మీద కంపెనీవారు తీయించిన వీడియో వేశారు. బాగానే ఉండి ఉంటుంది, వినగలిగిన ముందు వరస నవ్వింది, క్లైవ్ గారు కళ్ళు కూడా తుడుచుకున్నారు. (నవ్వులు) దాని సంగతికి మళ్ళీ వస్తాను.

ఈ క్లబ్బు కార్యదర్శిగా ఇన్నేళ్ళూ నేను చేసిందల్లా, ప్రకటనలకీ ఫోన్లో వచ్చే వీడియోలకీ కింద అక్షరాలు వేయండని గుమ్మం గుమ్మం ఎక్కి దేబిరించడం. "సబ్బు ప్రకటన అర్థంకాకపోతే ఏం కొంపలు మునుగుతాయమ్మా?" అన్నాడొక పెద్దమనిషి. మునగలేదు, కాలింది. అది మా చెల్లెలు జాయిస్ కొంప.

హీటర్లో తీగ అంటుకుంటోందని తెలిసి, వాడకండి, వెనక్కి ఇచ్చేయండి అని కంపెనీవారు ఆ చలికాలం వీడియో పెట్టారు. ఒక అమ్మాయి హీటరు మీద చెయ్యేసి, హాయిగా నవ్వుతూ ఆ మాట చెప్పింది. అక్షరాల్లేవు. మా భాషలో సగం అర్థం ముఖంలోనే ఉంటుంది, ప్రమాదం అని చెప్పేటప్పుడు మాలో పసిపిల్లైనా నవ్వదు. జాయిస్ ఆ నవ్వును నమ్మింది. మొగుణ్ణి డొక్కలో పొడిచి ఫోన్ చూపించిందట: "చూశావా కెవ్, మన హీటరే! పాతదైపోయింది పారేద్దామన్నావుగా, చూడు, మహారాణిలా ప్రకటనకెక్కింది!"

"సర్లేవే, నువ్వే గెలిచావు," అన్నాడట కెవ్.

ఆ వారంలోనే, కెవ్ ఉన్నిమిల్లుకి వెళ్ళిన పూట, మధ్యాహ్నం కునుకు తీస్తున్న జాయిస్ ఇక లేవలేదు.

కెవ్, తల దించకయ్యా. నువ్వు తల దించితే నా మాట నీకెలా వినపడుతుంది? తప్పు నీది కాదు.

అక్షరాలు వేస్తే బొమ్మ అందం చెడుతుందనుకున్నాం అన్నారు కంపెనీవారు విచారణలో. ఇకమీదట ప్రతి వీడియోకీ వేస్తామని మాటిచ్చారు. ఆ మాట నమ్మే ఈ రోజు కార్యదర్శి కుర్చీ దిగుదామనుకున్నాను, ఈ పూలు అందుకున్నాను.

ఇందాకటి వీడియో చివర్లో జాయిస్ ఫోటో వచ్చింది. దాని వెనక ఎవరో చాలాసేపు మాట్లాడినట్టున్నారు. హాల్లో దీపాలు ఆర్పేశారు, చీకట్లో లోర్నా చేతులు కనబడలేదు. అక్షరాలూ లేవు. ఏమన్నారని కెవ్ నన్ను అడిగాడు. నాకేం తెలుసు?

టెస్సా గారూ, మీ పూలు ఈ బల్ల మీదే పెడుతున్నాను. మా చెల్లెలి గురించి మీరేమన్నారో కెవ్ చదువుకున్న రోజున వచ్చి తీసుకుంటాను. అందాకా కుర్చీ దిగను.

వచ్చిన అందరికీ కృతజ్ఞతలు. వీడ్కోలు సభ కాబట్టి సెలవు అనాలి. ఈ పూటకు మాత్రం సెలవు.