మద్దిలేటి కాలికి తాడు

మద్దిలేటి అని ఒకడుండె. మనిషి ముప్పై ఏండ్లు దాటినోడే గానీ బుద్ధి చిన్నపిల్లోనిది. అమ్మ సచ్చిపోయినాక అన్న ఇంట్లో ఉండేటోడు. అన్న ఈరన్న బండి కట్టుకోని ఊర్లెంబడి పోతే ఎప్పుడొస్తాడో తెలీదు. ఇంట్లో ఒదినె లింగమ్మ ఒక్కతే. ఆ ఊర్లోనే బొరుగులు ఏంచే సుంకులవ్వ అని ముసలామె ఉండె. పొద్దన్నే ఆమె బట్టీ ముట్టిస్తానే వీడొచ్చి ఎదురుగా కూసోని, బొరుగులు చిటపట పేలుతాంటే నవ్వేటోడంట. దోసెడు పోస్తే తిని మళ్ళా చెయ్యి సాపేటోడు. వాడు నవ్వితేనే ఆమెకు తెల్లారినట్టు అనుకో.

ఏమైందంటే, ఉన్నట్టుండి వాడు రావడం మానేసినాడు. ఈదిలో అడిగితే, వాళ్ళింటి సంగతి మనకేల అవ్వా అన్నారంట. లింగమ్మనడిగితే, జొరమొచ్చి పండుకున్నాడని మొగం తిప్పుకోని పాయ. సరే, జొరమైతే ఇంత గంజన్నా పోద్దామని ముంత తీసుకోని పోయింది. తలుపుకు గొళ్ళెం. ఎనక కొట్టంలోంచి "అవ్వా" అని పిలుపు. పోయి సూస్తే ఏముంది, ఎద్దుల గాటికాడ వీన్ని కట్టేసినారు. తాడు ఒరుసుకోని కాలు పుండు పడింది, డొక్కలు లోపలికి పోయినాయి. ఆమెను సూసి నవ్వినాడంట. గంజి తాపి, తాడు ఇప్పబోతే, "వద్దవ్వా, అన్న కొడతాడు" అని కాలు ఎనక్కి లాక్కున్నాడు. ఇనండి, కట్టిచ్చుకున్నోడే ఇప్పొద్దంటాన్నాడు.

ఆమె నేరుగా ఊరిపెద్ద కంబగిరప్ప దగ్గరికి పోయింది. ఆయప్ప అంతా ఇని, ఒకరి సంసారంలో మనం దూరితే బాగుంటాదా అని నసిగినాడంట. "దూరద్దులే అప్పా. వచ్చి సూడు. సూసినాక మళ్ళా ఈ మాటే అను" అనింది. వచ్చినాడు, సూసినాడు, ఈదిలోవాళ్ళనంతా కేకేసి పిల్చినాడు. అంతలోకి చేన్లోంచి లింగమ్మ వచ్చింది. గుమిగూడిన జనం తలా ఒకమాట అంటాంటే ఆమె ఆడనే కూలబడి, "కూలికి పోతే వీడు బాయికాడికి పోతాడు. కట్టేసి పొమ్మన్యాడు ఆయన. ఇప్పితే నాకూ దెబ్బలే. నేనేం జేతు, దొడ్డికి పోతే ఎత్తలేక కూడు గూడా తగ్గిచ్చినా" అని ఏడ్సింది. "నీ కష్టం నిజమేమ్మా, నువ్వు జేసింది తప్పే" అన్యాడు కంబగిరప్ప. పట్నంలో ఇట్లాంటోళ్ళను పెట్టుకునే సత్రముందంట, ఆడ ఇడ్సండని ఒకరు, వద్దని ఇంకొకరు. సుంకులవ్వ అందర్నీ ఆపి, "వాన్నడిగినారా?" అనింది. అప్పుడు కంబగిరప్ప వాని ముందర గొంతుకూసోని, "నీకేం గావాల నాయనా?" అంటే, వాడు "పొద్దన అవ్వ. రాత్రికి ఒదినె. తాడొద్దు" అన్యాడంట.

అట్లే జేసినారు. తాడు కంబగిరప్పే ఇప్పినాడు. పుండు లింగమ్మ కడిగింది. ఈరన్న వచ్చి నా తమ్ముడు నా ఇష్టం అంటే, "నీ తమ్ముడే, కాదన్లేదు. వీని కాలిమింద గానీ, ఆ యమ్మ వీపుమింద గానీ మళ్ళా గుర్తు కనపడితే ఠాణాకు నేనే పిల్చుకోని పోతా" అన్యాడంట కంబగిరప్ప. ఆ మాట అని ఊరికే ఉండలేదు, అప్పుడప్పుడొచ్చి ముందు కాలు సూసి తర్వాతే పలకరిచ్చేటోడు.

మద్దిలేటి శానా ఏండ్లు బతికినాడు. ఇప్పుడా ఊర్లో ఎవర్నడిగినా, ముందు సూసి చెప్పింది నేనే అంటారు. అంతమంది ముందే సూసింటే ఆ తాడు అన్నాళ్ళు ఎట్లుండెనో, మీరే ఆలోచన జేసుకోండి.